ఇన్కొనెల్ 600 బుట్టకు వెల్డింగ్: పగులు మళ్లీ రాకుండా

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో ఫర్నేస్ బుట్టలు (భాగాలను కొలిమిలోకి పంపే లోహపు బుట్టలు) అతికిన చోటే మళ్లీ పగులుతుంటే, ముందు అనుమానించాల్సింది వెల్డర్‌ని కాదు, మురికిని. ఈ బుట్టలకు వాడే ఇన్కొనెల్ 600 అనేది నికెల్-క్రోమియం మిశ్రమలోహం, అందులో నికెల్ 72 శాతానికి తగ్గదు. దానికి గంధకం తగిలితే నికెల్ సల్ఫైడ్ పుడుతుంది. అది నికెల్‌తో కలిసి సుమారు 640 డిగ్రీలకే కరిగి, లోహపు రేణువుల మధ్యకు చొరబడుతుంది. కటింగ్ ఆయిల్, గ్రీజు, మార్కర్ సిరా, ఆఖరికి చేతి చెమట కూడా గంధకాన్ని మోసుకొస్తాయి. సీసం, జింక్ కూడా అంతే ప్రమాదం, కాబట్టి గాల్వనైజ్డ్ రేకు మీద పెట్టి పని చేయొద్దు.

పాత బుట్టయితే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. కొత్త 600కి అది అంటుకోదు. అంటుకుందంటే, అక్కడ కార్బన్ పట్టో ఆక్సైడ్ పేరుకునో క్రోమియం తగ్గిపోయింది. అంటుకోని చోటు వచ్చేదాకా కోసేయండి. అంత భాగం పోయాక బుట్టే మిగలకపోతే కొత్తది చేయించడమే చవక. రేకు, కడ్డీ కావాలంటే కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ రంగ లోహ సంస్థ మిధాని 'సూపర్‌ని 600' పేరుతో ఇదే తరగతి లోహం తయారుచేస్తుంది.

జాయింటుకు రెండు వైపులా 25 మి.మీ. మేర నల్లపొర పోయి మెరుపు వచ్చేదాకా గ్రైండ్ చేయండి. లోహం 1,354–1,413 డిగ్రీల మధ్య కరుగుతుంది, నికెల్ ఆక్సైడ్‌కు 1,950 దాటాలి. అందుకే పొర వదిలేస్తే కరగకుండా వెల్డ్‌లోనే ఇరుక్కుంటుంది. మైల్డ్ స్టీలుకు వాడిన గ్రైండింగ్ చక్రం, బ్రష్ దీనికి తాకించొద్దు. చివర్లో శుభ్రమైన గుడ్డతో అసిటోన్ పెట్టి తుడవండి. ఆవిరి పూర్తిగా పోయాకే ఆర్క్ వెలిగించాలి.

6 మి.మీ. రేకుకు వీ గాడి మొత్తం 80 డిగ్రీలు, అడుగున 2–3 మి.మీ. సందు ఉంచండి. కరిగిన నికెల్ స్టీలులా తనంతట తాను పారదు, ఇరుకు గాడిలో గోడలకు అంటదు. గాడిలో కరిగించి నింపే ఫిల్లర్ కడ్డీ ఈఆర్ఎన్ఐసీఆర్-3 (ERNiCr-3) రకం. టిగ్‌లో (టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌తో, ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్) టంగ్‌స్టన్ నెగటివ్‌కు, 2.4 మి.మీ. ఫిల్లర్ కడ్డీకి 90–120 ఆంపియర్లు, ఆర్గాన్ నిమిషానికి 10 లీటర్లు. వెనక వైపు కూడా ఆర్గాన్ పంపండి.

ముందు వేడి చేయొద్దు, తేమ లేకుంటే చాలు. పాస్‌కీ పాస్‌కీ (ఒక్కో వెల్డ్ వరుసకీ) మధ్య 150 డిగ్రీల కిందికి చల్లారనివ్వండి. వెల్డ్ పూస కాస్త ఉబ్బెత్తుగా రావాలి. చదునుగా, లోతుగా ఉంటే మధ్యలో చీలుతుంది. ఆపేటప్పుడు కరెంటు మెల్లగా తగ్గిస్తూ పూస చివర ఏర్పడే గుంట నింపండి. హఠాత్తుగా టార్చి లాగేస్తే నక్షత్రంలా పగులుతుంది.

చివరగా డై పెనెట్రెంట్‌తో (పగుళ్లను బయటపెట్టే రంగు ద్రవం) చూసి, ఆ రంగును పూర్తిగా కడిగాకే ఫర్నేస్‌లోకి పంపండి.