సార్వా నాట్ల ముందు చర్మానికి హోమియో మొదలుపెడుతున్నారా? ఇవి చూసుకోండి

కాలవలకు నీళ్లొచ్చాయంటే డెల్టాలో తామర, ఎగ్జిమా మళ్లీ లేస్తాయి. హోమియోకి వెళ్లే ముందు:

• స్పర్శ లేని మచ్చ ఉంటే ముందు పీహెచ్‌సీకే. దూది తాకినా తెలియకపోతే కుష్టు కావచ్చు. దానికిచ్చే ఎండీటీ (కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) అక్కడ ఉచితం, 6 నుంచి 12 నెలల కోర్సుతో నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. పోయిన స్పర్శ చాలాసార్లు తిరిగి రాదు.

• వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానొద్దు. "ఇంగ్లీషు మందు ఆపితేనే ఇది పనిచేస్తుంది" అనేవాళ్లు ఊరికొకరుంటారు. సోరియాసిస్‌లో అలా ఆపితే ఒళ్లంతా చీము పొక్కులు లేచి ఆస్పత్రి పాలవ్వొచ్చు. రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

• మందు పేరు, పొటెన్సీ (30సీ లాంటి పలచన స్థాయి) చీటీ మీద రాయించుకోండి. పేరులేని పొట్లంలో స్టెరాయిడ్ కలిపినా మీకు తెలియదు. పాత జబ్బు రెండ్రోజుల్లో మాయమైతే నేనైతే అనుమానిస్తాను.

• "రోగం బయటికొస్తోంది, ఆగండి" అన్నా సరే, జ్వరం, చీము ఉంటే ఆగొద్దు. షుగర్ ఉండి కాలికి పుండైతే అసలే ఆగొద్దు.

• ఎన్నాళ్లు చూస్తారో ముందే అనుకోండి. 30సీ అంటే వందో వంతుకి పలచన చేయడం 30 సార్లు. అసలు పదార్థం దాదాపు మిగలదు. ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి తేల్చింది.

• తామరైతే ఇంట్లో అందరూ చూపించుకోవాలి, తువ్వాళ్లు వేరు. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

• మొదలుపెట్టే రోజే పగటి వెలుతురులో మచ్చ ఫొటో తీసి ఉంచుకోండి. నెల తర్వాత తగ్గిందో లేదో గుర్తుతో చెప్పడం కష్టం.