రాత్రి ఆకాశం ఫోటో చెడిపోయిందా? ఆ చెడిన ఫోటోనే అడగండి

హన్మకొండలో మా మేడ మీద తీసిన మొదటి ఆకాశం ఫోటోను ఇప్పటికీ దాచుకున్నాను. ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ అంతసేపు తెరిచే ఉంది. ఆకాశం బత్తాయి రసం రంగులో ఉంది. చుక్కలు పెసరగింజల్లా ఉబ్బి, అన్నీ ఒకే పక్కకు సాగి ఉన్నాయి. మూలనున్న నీళ్ల ట్యాంకు మాత్రం ఎంతో అందంగా వచ్చింది. ఒక్క ఫోటోలో మూడు జబ్బులు చూసి, లెన్సు మార్చాలనుకున్నాను. చేతిలో డబ్బు లేక మార్చలేదు. అదే మేలయింది, ఆ మూడింటిలో ఒక్కటి కూడా లెన్సు తప్పు కాదు.

కాబట్టి ఏదైనా కొనే ముందు, చెడిపోయిన ఫోటోను కంప్యూటర్‌లో పూర్తి సైజుకు పెంచి ఒక్క చుక్క ఆకారాన్ని చూడండి. మధ్యలో ఒకటి, మూలల్లో ఒకటి. చుక్క ఉబ్బిందా, సాగిందా, వంకర తిరిగిందా, మసకబారిందా అన్న దాన్ని బట్టి కారణం మారుతుంది. సరిచేసేటప్పుడు ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. నాలుగూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో రేపు గుర్తుండదు.

ఆకాశమంతా నారింజ రంగులో, లేదా పాలిపోయి తెల్లగా ఉంది

ఇది ఊరి వెలుతురు. వీధి దీపాల కాంతి పైనున్న దుమ్ము మీద, తేమ మీద పడి చెదిరి వెనక్కి వస్తుంది. కెమెరా ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలతో పాటు ఆ కాంతినీ అంతే శ్రద్ధగా పోగుచేస్తుంది. మేడ మీద నుంచి తీయక తప్పకపోతే ఐఎస్‌ఓ (కాంతిని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800, అయిదు సెకన్లతో మొదలుపెట్టండి. హిస్టోగ్రామ్‌లోని (ఫోటోలోని చీకటిని ఎడమన, వెలుతురును కుడిన చూపే పటం) గుట్ట ఎడమ నుంచి మూడో వంతు దగ్గర ఉంటే చాలు. అది కుడి అంచుకు ఒరిగితే ఆ వివరాలు ఇక రావు. రా ఫైలులో (కెమెరా పట్టినదంతా కుదించకుండా దాచే ఫైలు) తీస్తే రంగును తర్వాత సరిచేసుకోవచ్చు. జేపెగ్‌లో ఆ వెసులుబాటు తక్కువ.

కాంతి కాలుష్యాన్ని ఆపుతాయంటూ అమ్మే ఫిల్టర్ల జోలికి వెళ్లకపోవడం మంచిదని నా అభిప్రాయం. పాత సోడియం దీపాల పసుపు కాంతి వర్ణపటంలో ఒక ఇరుకు పట్టీలో ఉండేది, దాన్ని వడకట్టడం కుదిరేది. ఇప్పుడు వీధుల్లో ఉన్నవి తెల్లని ఎల్‌ఈడీలు. వాటి కాంతి అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది. దాన్ని ఆపబోతే చుక్కల కాంతి కూడా ఆగిపోతుంది. ఆ డబ్బు పెట్రోలుకు వాడుకోండి.

ఎటు వెళ్లాలి? వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో కాకతీయుల నాటి పాకాల చెరువు ఉంది. అక్కడి నుంచి చూస్తే వరంగల్, నర్సంపేట వెలుగులు పడమర దిక్కున ఉంటాయి. పాలపుంత కేంద్రం ఉదయించేది ఆగ్నేయంలో, అంటే ఊరి కాంతికి దూరంగా. రామప్ప దగ్గర ఈ సౌకర్యం కాస్త తక్కువ. దక్షిణాన ములుగు, వాయవ్యంలో చెల్పూరు విద్యుత్ కేంద్రం దీపాలు కనిపిస్తాయి. పైగా గుడి ఆవరణలో రాత్రి ఉండనివ్వరు. పాకాల అభయారణ్యం లోపలికి వెళ్లాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలిసినవారి కల్లం దొరికితే అంతకన్నా హాయి లేదు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఓసారి మంచి కోణం కోసం మొక్కజొన్న చేలోకి అడుగుపెట్టబోతుంటే, కల్లం దగ్గర పడుకున్న పెద్దాయన మంచం మీద నుంచే అరిచాడు: "అటు పోకండి సారూ, పందుల కోసం ఎవరో కరెంటు తీగ పెట్టారు!" టార్చి వేసి చూస్తే మోకాలి ఎత్తున సన్నటి తీగ. మరో నాలుగడుగులు వేస్తే తగిలేది. అడవి అంచు ఊళ్లలో ఇది చట్టవిరుద్ధమైనా జరుగుతూనే ఉంది. బాట మీదే ఉండండి, వెలుతురు ఉండగానే చోటు చూసిపెట్టుకోండి.

చుక్కలు ఉబ్బిన బుడగల్లా ఉన్నాయి

మధ్యలోనూ మూలల్లోనూ ఒకేలా ఉబ్బి ఉంటే అది ఫోకస్ తప్పు. నాకు తెలిసిన కొత్తవారిలో ఎక్కువమంది మొదటి రాత్రి ఇక్కడే పోగొట్టుకున్నారు. చీకట్లో ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు. లెన్సు మీద అనంతం గుర్తు ఉన్నా దాన్ని నమ్మకూడదు. వేడికి, చలికి లెన్సు భాగాలు కొద్దిగా వ్యాకోచించి సంకోచిస్తాయి కాబట్టి, చాలా లెన్సుల్లో రింగు అనంతాన్ని దాటి మరికాస్త తిరిగేలా చేస్తారు. రింగును చివరిదాకా తిప్పి వదిలేశారంటే ఫోకస్ తప్పడం ఖాయం.

ఇలా చేయండి. ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, లైవ్ వ్యూ (దృశ్యాన్ని తెర మీద చూపే పద్ధతి) పెట్టి, ఒక ప్రకాశవంతమైన చుక్కను మధ్యకు తెచ్చుకోండి. చలికాలంలో మృగవ్యాధుడు, వేసవిలో స్వాతి, ఏ కాలంలోనైనా పైన ఉంటే గురుగ్రహం. తెర మీద పది రెట్లు పెంచండి. మొదట అది బొద్దుగా, అంచున ఊదా రంగుతో కనిపించవచ్చు. రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే కుంచించుకుపోతూ సూదిమొన అవుతుంది. అక్కడ ఆగకుండా ఇంకొంచెం తిప్పండి, మళ్లీ ఉబ్బుతుంది, ఈసారి అంచు రంగు మారుతుంది. ఇప్పుడు వెనక్కి వచ్చి సూదిమొన దగ్గర ఆగండి. దాటి వెళ్లి వెనక్కి వస్తేనే అసలు చోటు తెలుస్తుంది. మందుల షాపులో దొరికే పేపర్ ప్లాస్టర్ ముక్కతో రింగును కదలకుండా అంటించండి. ఆ తర్వాత జూమ్ మార్చారంటే ఫోకస్ పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి చేయాలి.

తెర మీద చుక్క ఏదీ కనిపించకపోతే కిలోమీటరు దూరంలోని సెల్ టవర్ ఎర్ర దీపం మీద చేయండి. వైడ్ లెన్సుకు ఆ దూరమూ అనంతమే. ఫోన్‌లో అయితే ప్రో మోడ్‌లో ఫోకస్ గీతను కొండ బొమ్మ వైపు చివరికి జరపండి, బాగా రాకపోతే కాస్త వెనక్కి తెచ్చి మరో ఫోటో తీయండి.

మధ్యలో చుక్కలు బాగుండి, మూలల్లో మాత్రం పిట్టల్లా రెక్కలు చాచి ఉంటే అది లెన్సు స్వభావం. అపెర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) ఒక మెట్టు మూయండి, తగ్గుతుంది.

చుక్కలు గీతల్లా సాగాయి

ముందు ఆకారం చూడండి. చుక్కలన్నీ ఒకేలాంటి వంకర కొక్కెంలా ఉంటే కెమెరా కదిలింది. ట్రైపాడ్ నడుమ కర్రను పైకి లాగి ఉంటే కిందికి దించండి, లెన్సులోని స్టెబిలైజర్‌ను (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆపండి, షట్టర్‌ను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మేడ మీద ఎవరో ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చి నడిచినా ఆ అదురు ఫోటోలో పడుతుంది. చెరువు కట్ట మీద ట్రాక్టరు వెళ్తే ఇక చెప్పనక్కర్లేదు.

నున్నటి గీతలై, ధ్రువ నక్షత్రం దగ్గర పొట్టిగా, గొల్లకావడి (ఓరియన్ నడుము) మూడు చుక్కల దగ్గర పొడవుగా ఉంటే అది భూమి తిరిగిన గుర్తు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. పాత లెక్క ప్రకారం 500ను లెన్సు ఫోకల్ దూరంతో (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) భాగిస్తే గరిష్ఠ సెకన్లు వస్తాయి. చిన్న సెన్సర్ కెమెరాల్లో 18 మి.మీ. లెన్సు అంటే, ఒకటిన్నర రెట్లు చేసి, 27 కింద లెక్క, కాబట్టి దాదాపు 18 సెకన్లు. ఇప్పటి కెమెరాల పిక్సెళ్లు చిన్నవి, ఈ లెక్క కాస్త ఉదారం. నేను 500కు బదులు 300 తీసుకుని 11 సెకన్ల దగ్గర ఆగుతాను.

పాలపుంత పడనే లేదు

ఫోకస్ బాగుంది, ఆకాశం నల్లగా ఉంది, అయినా పాలపుంత లేదు. బహుశా మీరు చూసిన వేళకు అది పైన లేదు. ప్రకాశవంతమైన కేంద్ర భాగం ధనుస్సు, వృశ్చిక రాశుల దిక్కున ఉంటుంది. డిసెంబరు రాత్రి ఎంత వెతికినా దొరకదు. చలి దేశాల పుస్తకాలు జూన్ నుంచి ఆగస్టు వరకు మంచి కాలమని రాస్తాయి. మనకు ఆ మూడు నెలలూ మబ్బులే. వరంగల్ వారికి అసలైన అదను మార్చి నుంచి మే వరకు, అర్ధరాత్రి దాటాక. మనం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండటం ఒక వరం: పాలపుంత కేంద్రం దక్షిణాన 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో అది దిగంతాన్ని ఆనుకుని పోతుంది.

చంద్రుడి లెక్కకు గోడ మీది క్యాలెండర్ చాలు. అమావాస్య కోసమే కాచుకోనక్కర్లేదు. శ్రీరామనవమి నాటి చంద్రుడు రాత్రి ఒంటిగంట, రెండు గంటల మధ్య అస్తమిస్తాడు. మూడింటికి పాలపుంత ఆగ్నేయంలో నిలబడి ఉంటుంది, తెల్లవారే దాకా చీకటే. వర్షాలు ముందే తగ్గిపోతే ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం మరో అవకాశం. ఆ రోజు అమావాస్య, ఏడున్నర ప్రాంతంలో నైరుతిలో చూడండి. దీపావళి కూడా అమావాస్యే కదా అని మాత్రం కెమెరా తీయకండి. ఆ రాత్రి ఫోటోలో పొగ తప్ప ఏమీ పడదు.

ఇంకో మాట: పాలపుంత కళ్లకు ఫోటోల్లోలా రంగుల్లో కనబడదు. బూడిద రంగు పలుచని మబ్బులా ఉంటుంది, అదీ ఇరవై నిమిషాలకు పైగా చీకట్లో ఉన్న కళ్లకు. మధ్యలో ఫోన్ తెర చూశారంటే లెక్క మళ్లీ మొదలు.

మొదటి ఫోటోలు బాగున్నాయి, పోనుపోను మసకబారాయి

జనవరిలో పాకాల పక్కన ఓ రాత్రి 140 ఫోటోలు తీశాను. ముప్పయ్యో ఫోటో దాటాక ఒక్కో చుక్క చుట్టూ చిన్న మెరుపు వలయం. నూరోది చేరేసరికి చుక్కలే లేవు. లెన్సు మీద వేలు పెడితే తడి. మంచు దిగింది.

స్వచ్ఛమైన రాత్రి లెన్సు అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. చెరువు పక్క గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే. తుడిస్తే అయిదు నిమిషాల్లో మళ్లీ వస్తుంది, పైగా గీతలు పడతాయి. అద్దాన్ని గాలి కన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచడమే మార్గం. లెన్సు హుడ్ తగిలించండి. పవర్‌బ్యాంకుతో పనిచేసే వేడి పట్టీ దొరికితే మేలు. దొరకకపోతే, కాపడం పెట్టడానికి ఉప్పు వేయించి మూట కడతాం కదా, అలాంటి సన్నటి మూటను పాత సాక్సులో పెట్టి లెన్సు చుట్టూ కట్టండి. చేతికి గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు. ఇంటికొచ్చాక కెమెరాను వెంటనే సంచిలోంచి తీయకండి, వెచ్చటి గదిలో మళ్లీ చెమ్మ పడుతుంది.

ఫోటో నిండా రంగురంగుల నలుసులు

ఎరుపు, నీలం చుక్కలు ప్రతి ఫోటోలో అదే చోట ఉంటే వేడి పిక్సెళ్లు, చోటు మారుతుంటే మామూలు నాయిస్, అంటే సెన్సర్‌లో పుట్టే గరుకుదనం. మే నెల రాత్రుల్లో ఇవి విపరీతం, సెన్సర్ ఆరేడు డిగ్రీలు వేడెక్కితే దానిలో పుట్టే అనవసరపు విద్యుత్ ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది. ఒకే చోటును పదహారు ఫోటోలు తీసి, సీక్వేటర్ లేదా సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేరిస్తే నాయిస్ నాలుగో వంతుకు దిగుతుంది. చివర్లో లెన్సు మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో పది ఫోటోలు తీసి జత చేస్తే ఆ వేడి పిక్సెళ్లూ పోతాయి.

చుక్కల దారులు తెగిపోయాయి

ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలు కావాలని వందల ఫోటోలు కలిపితే గీతల మధ్య ఖాళీలు వచ్చాయా? కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంది. అది ప్రతి ఫోటో తర్వాత అంతే సమయం షట్టర్ మూసి మరో ఫోటో తీస్తుంది. ఆపేయండి.

చంద్రుడు తెల్లటి బిళ్లలా వచ్చాడు

కెమెరా చుట్టూ ఉన్న చీకటిని చూసి మోసపోయింది. చంద్రుడి మీద పడేది పట్టపగటి ఎండ. ఐఎస్‌ఓ 100, అపెర్చర్ ఎఫ్ 11, సెకనులో 125వ వంతు. ఫోన్‌లో చంద్రుడి మీద వేలు పెట్టి వెలుతురును కిందికి లాగండి. గుంటలు బాగా కనిపించేది పున్నమి నాడు కాదు, అష్టమి దగ్గర.

ఫోటోలో ఒక మెరుపు గీత ఉంది, ఉల్కేనా?

గీత పొడవునా చిన్న చిన్న మెరుపులు ఉంటే విమానం. ఒకే మందంతో, తర్వాతి ఫోటోలోనూ కొనసాగితే ఉపగ్రహం. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా, కొన్నిసార్లు పచ్చని ఛాయతో, ఒకే ఒక్క ఫోటోలో ఉంటే ఉల్క అయ్యే అవకాశం ఎక్కువ. ఏటా వచ్చే ఉల్కాపాతాల్లో ఆగస్టు పెర్సీడ్లను మనకు మబ్బులు మింగేస్తాయి. మనకు దక్కేవి డిసెంబరు 13, 14 రాత్రుల జెమినిడ్లు. అర్ధరాత్రి దాటాక అవి వెలువడే చోటు దాదాపు నడినెత్తికి వస్తుంది. వైడ్ లెన్సు పెట్టి ఆపకుండా తీస్తూ ఉండండి. మొదటిసారి నేను ఇంట్లో అందరినీ లేపి చూపించినది హైదరాబాదు వైపు దిగుతున్న విమానం. ముందు ఫ్రేమూ వెనక ఫ్రేమూ చూడకుండా ఎవరినీ నిద్ర లేపకండి.