టీవీలో మాటా పెదవీ కలవకపోతే ఏం చెయ్యాలి

విశాఖలో మా ఎంవీపీ కాలనీ ఇంటికి సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు) వచ్చిన రోజు వార్తలు పెట్టగానే అమ్మ "ఏట్రా, వార్తలకి కూడా డబ్బింగేనా?" అంది. యాంకర్ నోరు మూశాక మాట వస్తోంది. ఆ రాత్రి నేను టీవీ మెనూ అంతా తవ్వి, కనపడిన ప్రతిదీ మార్చేసి, ఏం మార్చానో నాకే గుర్తులేక చివరికి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. మీరా పని చెయ్యకండి. రిమోట్ ముట్టుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి: మాట ముందొస్తోందా, వెనకొస్తోందా? తేడా మొదట్నుంచీ ఒకేలా ఉందా, పోనుపోనూ పెరుగుతోందా?

ఇది తేల్చడానికి మాత్రం డబ్బింగ్ సినిమా పెట్టకండి, దాంట్లో పెదవులు ఎలాగూ కలవవు. స్ట్రెయిట్ తెలుగు సినిమాలోనూ హీరోయిన్ గొంతు చాలాసార్లు వేరేవాళ్ళదే. ఫోన్‌లో మీరే చప్పట్లు కొడుతూ అర నిమిషం వీడియో తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి చూడండి, అరచేతులు అబద్ధం చెప్పవు.

మాట కాస్త వెనకబడితే మనం ఓర్చుకుంటాం, ముందొస్తే మాత్రం ఇట్టే దొరికిపోతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 సిఫార్సు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే తెలిసిపోతుంది, వెనకైతే 125 దాకా పెద్దగా తెలీదు. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు, నీళ్ళ మీద మెరుపు ముందు, ఢామ్మనే చప్పుడు తర్వాత, కిలోమీటరుకి దాదాపు 3 సెకన్ల లెక్కన.

మాట వెనకబడుతుంటే మొదట అనుమానించాల్సింది బ్లూటూత్‌ని. మా ఇంట్లో దొంగ అదే. టీవీ శబ్దాన్ని కుదించి, గాల్లో పంపి, అవతల సౌండ్‌బార్ దాన్ని విప్పి వినిపించేసరికి మామూలుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పోతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు: టీవీలో 'ఆడియో డిలే' అని కనపడుతుంది కదా అని దాన్ని పెంచుతారు, ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది. చాలా టీవీల్లో, సౌండ్‌బార్లలో ఆ సెట్టింగు శబ్దాన్ని ఇంకా ఆలస్యం చెయ్యగలదే తప్ప ముందుకి లాగలేదు. కాబట్టి వెనకబడిన మాటకి మందు డిలే కాదు, దారి మార్చడం. టీవీ వెనక ఏఆర్‌సీ (ARC, టీవీ శబ్దాన్ని బయటికి పంపే దారి) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి సౌండ్‌బార్‌కి కేబుల్ వెయ్యండి. అప్పటికీ కొంచెం మిగిలితే సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి (PCM, అంటే కుదించని శబ్దానికి) మార్చి చూడండి.

అన్నట్టు, షాపాయన నాతో "సముద్రం గాలికి పిన్నులు తుప్పు పట్టుంటాయి సార్, అందుకే" అన్నాడు. పోర్టులకి ఉప్పుగాలి మంచిది కాదు, నిజమే, కానీ దానివల్ల బొమ్మ పోతుంది, మచ్చలొస్తాయి, అంతేగానీ మాట ఇంత కచ్చితంగా ఒకే దూరంలో వెనకబడదు.

మాట ముందొస్తుంటే తప్పు బొమ్మది. బొమ్మలోని ఫ్రేముల, అంటే విడివిడి చిత్రాల, మధ్య టీవీ కొత్త ఫ్రేములు అల్లి కదలికని నున్నగా చెయ్యడానికి టైం తీసుకుంటుంది, సెట్‌టాప్ బాక్స్ నుంచి నేరుగా సౌండ్‌బార్‌కి వెళ్ళిన శబ్దం ఆ లోపే వచ్చేస్తుంది. టీవీ మెనూలో ఆ పని చేసే మోషన్ స్మూతింగ్ ఆపండి, లేదా గేమ్ మోడ్ పెట్టండి. ఇంకా తేడా ఉంటే ఇప్పుడు వాడండి ఆ డిలేని, చప్పట్ల వీడియో చూస్తూ కొంచెం కొంచెంగా.

అన్నీ బాగుండి ఒక్క ఫైల్‌లోనే తేడా ఉంటే టీవీని వదిలెయ్యండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆ ఫైల్ తెరిచి కె నొక్కితే మాట 50 మిల్లీసెకన్లు వెనక్కి, జె నొక్కితే అంతే ముందుకి వస్తుంది. ఎప్పటికీ అలాగే ఉండిపోవాలంటే ఎంకేవీటూల్‌నిక్స్ (MKVToolNix) అనే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ట్రాక్ ఎంచుకుని, డిలే గడిలో వీఎల్‌సీలో కలిసిన చోటి మిల్లీసెకన్ల అంకె వేసి కొత్త ఫైల్ చేసుకోండి, ముందుకి రావాలంటే మైనస్ పెట్టి.

అసలు తలనొప్పి పోనుపోనూ పెరిగే తేడాది. మా చెల్లి పెళ్ళి వీడియోలో జీలకర్ర బెల్లం దాకా అంతా బానే ఉంది, గంటన్నర దాటి తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి డోలు మీద కర్ర పడ్డాక 5 సెకన్లకి పైగా ఆగి దెబ్బ వినపడింది. జె, కె ఎంత నొక్కినా ఒక చోట కలుస్తుంది, ఇంకో చోట చెడుతుంది. కారణం వేగం. సెకనుకి 23.976 ఫ్రేముల చొప్పున తీసిన బొమ్మని ఎక్కడో 24గా మార్చేశారు, గంటకి 3.6 సెకన్ల చొప్పున బొమ్మ ముందుకి పరిగెడుతుంది. ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఈసారి వీడియో ట్రాక్ ఎంచుకుని డిఫాల్ట్ డ్యూరేషన్ గడిలో 24000/1001p అని వేస్తే సరిపోయింది. మీ వీడియోలో మాటే పోనుపోనూ ముందుకెళ్తుంటే 24p వేసి చూడండి. కొత్త ఫైల్‌లో మొదలు చూసి సంతోషపడకుండా నేరుగా అప్పగింతల దగ్గరికి జరిపి చూడండి, అక్కడ కూడా కలిసేదాకా పాత ఫైల్ డిలీట్ చెయ్యకండి.