షుగర్ ఉండి గురక పెడుతుంటే కళ్లను ఎలా కాపాడుకోవాలి?

ఇంట్లో ఎవరైనా గురక పెడితే ‘ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారు’ అనుకుంటాం. మనిషికి షుగర్ ఉంటే మాత్రం ఆ గురకను చెవిపెట్టి వినండి. అది స్లీప్ అప్నియా అనే నిద్ర సమస్య కావచ్చు. అందులో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోయి ఊపిరి 10 సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఆగుతుంది. రాత్రంతా పదే పదే ఇదే వరస. కంటి వెనక ఉండే తెర రెటీనాకు ఆక్సిజన్ చాలా కావాలి, చీకట్లో ఇంకా ఎక్కువ కావాలి. షుగర్ వల్ల అక్కడి సన్నని రక్తనాళాలు ముందే దెబ్బతిని ఉంటే, ఈ కొరత కూడా తోడవుతుంది. అప్నియా ఉన్న టైప్ 2 షుగర్ రోగుల్లో చూపును దెబ్బతీసే రెటినోపతి (షుగర్ వల్ల రెటీనా పాడవడం) ఎక్కువగా కనిపిస్తోందని అధ్యయనాలు చెబుతున్నాయి.

ముందుగా పక్కన పడుకునేవాళ్లను అడగండి. జోరుగా సాగే గురక ఉన్నట్టుండి ఆగి, కాసేపు చప్పుడు లేకుండా ఉండి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందా? ఒంటరిగా ఉంటే ఫోన్ తలగడ పక్కన పెట్టి రికార్డు చేయండి. పొద్దున్నే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, మందులకు లొంగని బీపీ ఉన్నా అనుమానించాలి. గురక సంగతి చెప్పడానికి చాలామంది ఆడవాళ్లు మొహమాటపడతారు. దయచేసి దాచకండి.

తర్వాత ఊపిరితిత్తుల డాక్టరునో, ఈఎన్‌టీ డాక్టరునో కలిసి స్లీప్ టెస్ట్ చేయించుకోండి. కొందరికి ఇంట్లోనే చేస్తారు. ఊపిరి ఆగడం, తగ్గడం కలిపి గంటకు 5 లోపైతే మామూలే, 15 నుంచి మధ్యస్థం, 30 నుంచి తీవ్రం.

ఆ రిపోర్టు వచ్చేదాకా కంటి పరీక్ష ఆపొద్దు. కళ్లద్దాల షాపులో పవర్ చూపించుకుంటే సరిపోదు. చుక్కలు వేసి, కంటి పాపను పెద్దది చేసి రెటీనా చూడాలి. చూపు కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. టైప్ 2 అయితే షుగర్ బయటపడిన వెంటనే ఒకసారి, ఆపైన డాక్టరు వేరే గడువు చెప్పకపోతే ఏటా చూపించుకోవాలి. రెటినోపతి మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. అప్నియా ఉందని కంటి డాక్టరుకు మీరే చెప్పండి, వాళ్లు అడక్కపోవచ్చు.

నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే సీప్యాప్ మిషన్ రాస్తే రోజూ పెట్టుకోండి. నిద్రకు, పగటి మత్తుకు మేలు చేస్తుంది. అయితే మాక్యులాలో (రెటీనా మధ్యభాగంలో) నీరు చేరినవారిపై బ్రిటన్‌లో ఏడాదిపాటు జరిపిన పరిశోధనలో దానివల్ల చూపు మెరుగుపడలేదు. అందుకే కంటి ఇంజెక్షన్లు, లేజర్, షుగర్, బీపీ మందులు ఏవీ మానొద్దు.

కళ్ల ముందు ఒక్కసారిగా నల్లచుక్కలు తేలినా, తెర కట్టినట్టు అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి.