ఫ్లక్స్ గ్రాఫ్ రంపం పళ్లలా వస్తోందా? ఇన్వర్స్ హీట్ కండక్షన్ లెక్కల్లో సమస్య - పరిష్కారం

లోహపు దిమ్మలో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) పెట్టి, దాని రీడింగుల నుంచి ఉపరితలం మీద పడిన హీట్ ఫ్లక్స్‌ను (సెకనుకు చదరపు మీటరు మీద పడే వేడిని) వెనక్కి లెక్కకట్టడం ఇక్కడి పని. ఫలితం పిచ్చిగా వస్తే అందరం ముందు కోడ్ మీద పడతాం. చాలాసార్లు తప్పు కోడ్‌లో ఉండదు.

సమస్య: ఫ్లక్స్ ఒక స్టెప్‌లో పైకి, తర్వాతి స్టెప్‌లో కిందికి పోతోంది. టైం స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగుకు తీసుకునే సమయం) తగ్గిస్తే ఇంకా ముదురుతోంది.

కారణం: మామూలు లెక్కలో చిన్న టైం స్టెప్ మేలు చేస్తుంది, ఇక్కడ కీడు చేస్తుంది. వేగంగా మారే ఉష్ణోగ్రత లోపలికి దిగేలోపే అణగిపోతుంది. ఉక్కు డిఫ్యూజివిటీ (ఉష్ణోగ్రత మార్పు లోపల ఎంత వేగంగా పాకుతుందో చెప్పే విలువ) సెకనుకు సుమారు 12 చదరపు మి.మీ., సెన్సర్ 5 మి.మీ. లోతున ఉందనుకుందాం. ఉపరితలం సెకనుకోసారి 1 డిగ్రీ ఊగితే సెన్సర్‌కు చేరేది 0.08 డిగ్రీ. 0.2 సెకన్లకోసారి ఊగితే 0.003 మాత్రమే. 0.1 సెకను స్టెప్ పెట్టుకున్నారంటే ఆ 0.003ను 300 రెట్లు పెంచమని అడుగుతున్నట్టే. నాయిస్ (రీడింగుల్లోని చిల్లర ఊగిసలాట) కూడా అంతే పెరుగుతుంది.

పరిష్కారం: ముందు లోతు వర్గాన్ని డిఫ్యూజివిటీతో భాగించండి. ఇక్కడ 25 బై 12, అంటే సుమారు 2 సెకన్లు. స్టెప్ ఇందులో ఇరవయ్యో వంతే అయితే, ప్రతి రీడింగునూ అచ్చంగా సరిపెట్టే పద్ధతి (1960లో స్టోల్జ్ చేసినది) నిలబడదు. బెక్ పద్ధతిలో రాబోయే మూడు నాలుగు రీడింగులదాకా ఫ్లక్స్ మారదనుకుని లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) తేల్చండి. డేటా మొత్తం చేతిలో ఉంటే నా ఓటు టిఖొనోవ్ రెగ్యులరైజేషన్‌కే: రీడింగులకు సరిపోవడంతో పాటు ఫ్లక్స్ మరీ ఊగకుండా జరిమానా వేసే పద్ధతి ఇది, ఆ జరిమానా బరువే లాంబ్డా.

సమస్య: రంపం పోయింది కానీ శిఖరం చదునైంది. హీటర్ వేయకముందే ఫ్లక్స్ లేస్తోంది.

కారణం: రెగ్యులరైజేషన్ మోతాదు మించింది.

పరిష్కారం: కంటికి నచ్చేదాకా లాంబ్డా తిప్పకండి. హీటర్ వేయకముందు తీసిన రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్ చూడండి, అదే మీ నాయిస్. రెసిడ్యువల్ (కొలిచిన, లెక్కించిన ఉష్ణోగ్రతల తేడా) ఆర్ఎంఎస్ సగటు దానికి దగ్గరగా వచ్చే లాంబ్డానే తీసుకోండి. అంతకంటే బాగా తగ్గితే నాయిస్‌ను ఫిట్ చేస్తున్నట్టు. లాంబ్డా ఎంత తగ్గించినా రెసిడ్యువల్‌లో ఒక ఆకారం మిగిలితే కొలతలను అనుమానించండి: సెన్సర్ లోతు, థర్మోకపుల్ ఆలస్యం, డిఫ్యూజివిటీ విలువ. లోతులో 10 శాతం తప్పు ఆ 2 సెకన్లను 20 శాతం మార్చేస్తుంది. నేను డ్రాయింగ్‌లోని లోతు నమ్మి వారం పోగొట్టుకున్నాను, తర్వాత రంధ్రం కొలిస్తే తేడా బయటపడింది.

సమస్య: సృష్టించిన డేటాతో అద్భుతంగా వస్తోంది, అసలు డేటాతో రావట్లేదు.

కారణం: డేటా పుట్టించిన మెష్‌నే (దిమ్మను చిన్న గళ్లుగా విడగొట్టిన వలనే) వెనక్కి లెక్కలోనూ వాడారు. దీన్నే ఇన్వర్స్ క్రైమ్ అంటారు. ప్రశ్నపత్రం మీరే రాసి మీరే జవాబు రాసినట్టు.

పరిష్కారం: డేటాను ఇంకా సన్నని మెష్ మీద పుట్టించి, నాయిస్ కలిపి పరీక్షించండి.

సమస్య: ఒక ఊహతో మొదలుపెట్టి సవరించుకుంటూ పోయే పద్ధతిలో, చివరి కొన్ని స్టెప్పుల్లో ఫ్లక్స్ మొదటి ఊహ దగ్గరే ఉండిపోతోంది.

ఆఖరి క్షణాల వేడి సెన్సర్‌దాకా రాలేదు, అంతే. పైన లెక్కలో వచ్చిన 2 సెకన్లు ఎక్కువ రికార్డ్ చేసి, ఆ తోక కత్తిరించేయండి.

సమస్య: కండక్టివిటీ (వేడిని మోసే గుణం), హీట్ కెపాసిటీ (ఘనపరిమాణం లెక్కన వేడిని పట్టి ఉంచే గుణం) రెండూ కలిపి వెతికితే ప్రతిసారీ వేరే జవాబు.

ఉష్ణోగ్రతలు మాత్రమే కొలిస్తే ఈ రెండింటి నిష్పత్తి, అంటే డిఫ్యూజివిటీ, ఒక్కటే తేలుతుంది. రెండూ రెట్టింపు చేసినా అవే ఉష్ణోగ్రతలు వస్తాయి. ఏ ఆల్గారిథం మార్చినా లాభం లేదు. ఒక వైపు ఎంత ఫ్లక్స్ ఇస్తున్నారో కొలవండి, లేదా హీట్ కెపాసిటీని విడిగా కొలిచి లెక్కలో స్థిరంగా ఉంచండి.