కీబోర్డు మీద లేని కీలతో షార్ట్‌కట్లు పెట్టుకోవడం ఎలా

కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కలిపి ఏ అక్షరం నొక్కినా దాన్ని ముందే ఏదో ఒక యాప్ వాడేసుకుని ఉంటుంది. ఈ గొడవ వద్దనుకుంటే ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా ఉన్న పన్నెండు కీలు పట్టుకోండి. నా కీబోర్డు మీద అవి లేవు కదా అంటారా, మనకు కావాల్సిందీ అదే! విండోస్‌కి మాత్రం అవి బాగా తెలుసు, ఎఫ్13 కోడ్ 124, అక్కడి నుంచి వరసగా ఎఫ్24 దాకా 135. మామూలు కీబోర్డుల్లో ఉండవు కాబట్టి యాప్‌లు వాటి జోలికి పెద్దగా రావు.

ముందు ఆ కీని పుట్టించాలి. క్యూఎంకే ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలే నడిచే, మనం మార్చుకోగల సాఫ్ట్‌వేర్) ఉన్న కీబోర్డైతే కీమ్యాప్‌లో, అంటే ఏ కీ ఏది పంపాలో చెప్పే పట్టికలో, నేరుగా ఎఫ్13 పెట్టేయొచ్చు. మౌస్ సైడ్ బటన్లకైతే దాని సాఫ్ట్‌వేర్ "ఇప్పుడు కీ నొక్కండి" అంటుంది, నొక్కడానికి మన దగ్గర కీ ఏదీ! దానికో చిట్కా ఉంది: ఎఫ్1 నొక్కితే మూడు సెకన్లు ఆగి ఎఫ్13 పంపే చిన్న ఆటోహాట్‌కీ (విండోస్‌లో కీలకి మనకు నచ్చిన పనులు అప్పజెప్పే ఉచిత ప్రోగ్రామ్) స్క్రిప్ట్ రాసుకుని, ఎఫ్1 నొక్కి, వెంటనే వెళ్లి ఆ రికార్డ్ బాక్స్‌లో క్లిక్ చేసి కూర్చోండి. చాలాసార్లు పట్టేస్తుంది. ఎలాగూ స్క్రిప్ట్ ఉందిగా అని క్యాప్స్‌లాక్‌ని అందులోనే ఎఫ్13గా మార్చి, మళ్లీ ఎఫ్13కి పని చెప్పకండి, అది తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడమే, నేరుగా క్యాప్స్‌లాక్‌కే పని చెప్పొచ్చు.

ఇక స్క్రిప్ట్‌లో రాసేది ఒక్క లైను. ఎఫ్13, దాన్ని ఆనుకుని రెండు కోలన్లు, తర్వాత రన్, ఆపైన కొటేషన్లలో ప్రోగ్రామ్ పేరు (అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా). ఎఫ్13కి ముందు క్యారెట్ గుర్తు (^) పెడితే కంట్రోల్, ప్లస్ పెడితే షిఫ్ట్, ఆశ్చర్యార్థకం పెడితే ఆల్ట్. ఈ మూడింటినీ రకరకాలుగా కలుపుకుంటే పన్నెండు కీలకి 96 షార్ట్‌కట్లు వస్తాయి, గుర్తుపెట్టుకోవడం మీ ఓపిక.

నేను మొదటిసారి నోట్‌ప్యాడ్ తెరవమని రాసి, బటన్ మీద వేలు అలాగే ఉంచేసరికి టాస్క్‌బార్ నిండా నోట్‌ప్యాడ్‌లే. కీ నొక్కి పట్టుకుంటే అది మళ్లీ మళ్లీ వెళ్తూనే ఉంటుంది. అందుకే రన్ కింద ఇంకో లైనులో కీవెయిట్ రాసి, కొటేషన్లలో ఎఫ్13 పెట్టి, రెండు లైన్లనీ కర్లీ బ్రాకెట్లలో పెట్టండి. వేలు తీసేదాకా రెండోసారి నడవదు.

పని చేయకపోతే స్క్రిప్ట్‌ని తిట్టే ముందు ఆటోహాట్‌కీ విండోలో వ్యూ మెనూలోకి వెళ్లి కీ హిస్టరీ చూడండి. అక్కడ 7సీ కనిపించాలి, 124నే హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, అలా రాస్తారు. అదే లేదంటే తప్పు స్క్రిప్ట్‌ది కాదు, కీ అసలు రావట్లేదన్నమాట. కనిపిస్తోంది కానీ కొన్ని విండోల్లోనే పని చేయట్లేదంటే ఆ ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తోందేమో చూసి, స్క్రిప్ట్‌ని కూడా అలాగే నడపండి.

ఎఫ్23 దగ్గర మాత్రం కాస్త చూసుకోండి, కొత్త ల్యాప్‌టాప్‌లలో కోపైలట్ కీ (మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడిని పిలిచేది) పంపేది విండోస్, షిఫ్ట్, ఎఫ్23 కలిపే. లైనక్స్ వాళ్లకి ఇంకో తిరకాసు, అక్కడ తెర మీద విండోలు చూపించే ఎక్స్11లో ఎఫ్13 సాధారణంగా టూల్స్ కీ పేరుతో వస్తుంది, ఎఫ్20 మైక్ మ్యూట్ అయి కూర్చుంటుంది, కాబట్టి ముందు ఎక్స్ఈవీ (నొక్కిన కీ పేరు చూపించే చిన్న ప్రోగ్రామ్) నడిపి ఏ పేరు వస్తోందో చూసి ఆ పేరుకే షార్ట్‌కట్ కట్టండి.