ఇంటి పన్ను నోటీసు చదివి, లెక్క చూసుకుని కట్టడం ఎలా?

విజయనగరంలో చాలామందికి ఇంటి పన్ను గుర్తొచ్చేది మార్చిలోనే. సచివాలయం వాళ్లు గుమ్మం దాకా వచ్చి అడిగితే అప్పుడు పాత రసీదుల కోసం బీరువా తిరగేస్తారు. ఈలోగా వడ్డీ పడిపోయి ఉంటుంది. ఈ పని ఏప్రిల్లోనే తెమల్చుకుంటే టెన్షన్ ఉండదు.

1. ముందు అసెస్‌మెంట్ నంబరు వెతకండి. ఇది పన్ను రికార్డులో మీ ఇంటికి ఇచ్చిన నంబరు, డోర్ నంబరు కాదు. పాత రసీదు మీద ఉంటుంది. రసీదు లేకపోతే వార్డు సచివాలయంలో డోర్ నంబరు, యజమాని పేరు చెప్పి అడగండి.

2. డబ్బు తీసేముందు నోటీసులో పేరు, కొలత, వాడకం చూడండి. నన్నడిగితే అసలు చూడాల్సింది వాడకమే. గంటస్తంభం చుట్టుపక్కల కింద కొట్టు, పైన కాపురం ఉన్న ఇళ్లు బోలెడు. నివాసానికి ఆస్తి మూలధన విలువలో (స్థలం, కట్టడం కలిపిన విలువలో) 0.10 నుంచి 0.50 శాతం దాకా, వ్యాపారం లాంటి ఇతర వాడకాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పన్ను వేయొచ్చు. కిరాణా కొట్టు ఎత్తేసి ఆ గదిలో ఎవరినో కాపురం పెట్టినా, రికార్డులో అది కొట్టుగానే ఉంటే మీరు కొట్టు రేటే కడుతుంటారు. వాడకం మార్చమని అర్జీ పెట్టుకోవాలి. ఇక మేడ మీద రెండు గదులు వేసి అద్దెకిచ్చి గుట్టుగా ఊరుకుంటే, కొలతలకు వచ్చిన రోజున తేలిపోతుంది. ప్లాను లేని కట్టడమైతే పన్ను మీద పెనాల్టీ కూడా పడుతుంది.

3. లెక్క వేసి చూసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన మున్సిపాలిటీల్లో అద్దె విలువ పద్ధతి (ఇంటికి ఎంత అద్దె రావచ్చో దాని మీద పన్ను) పోయి, మూలధన విలువ పద్ధతి వచ్చింది. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో స్థలం, కట్టడం కలిపి ఎంత చేస్తుందో దాని మీద పన్ను. ఉదాహరణకు విలువ 20 లక్షలు, రేటు 0.12 శాతం అనుకుందాం. ఏడాదికి 2,400 రూపాయలు. అయితే పాత పన్ను 1,800 ఉంటే ఒకేసారి 2,400 వేయరు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదు కాబట్టి ముందు 2,070, మరుసటి ఏడాది సుమారు 2,380, ఆ తర్వాత 2,400. సొంతానికి ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికైతే ఏడాదికి 50 రూపాయలే.

తప్పు కనిపిస్తే నోటీసులో రాసిన గడువులోగా కాగితం మీద అభ్యంతరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట చెప్పి వచ్చేస్తే పని జరగదు.

4. కట్టండి. సచివాలయంలో గానీ, పురపాలక శాఖ వెబ్‌సైటులో గానీ కట్టొచ్చు. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ. లేదంటే మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ 30 లోపు, రెండోది డిసెంబరు 31 లోపు. దాటితే నెలకు 2 శాతం వడ్డీ.

5. అద్దెకిచ్చినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆదాయపు పన్ను లెక్కలో అద్దె ఆదాయం నుంచి ఇంటి పన్ను తీసేయొచ్చు, కానీ యజమాని తన చేత్తో, ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టి ఉండాలి. నెలకు 8,000 చొప్పున అద్దె 96,000 వస్తే, కట్టిన 2,400 పోను 93,600 మిగులుతుంది. అందులో మళ్లీ 30 శాతం, అంటే 28,080 తగ్గిస్తారు. మిగతా 65,520 మీదే లెక్క. అద్దెకున్నవాళ్లే పన్ను కట్టేస్తే ఆ 2,400 తగ్గింపు మీకు రాదు. అందుకని పన్ను భారం వాళ్లదే అని మాట్లాడుకున్నా, ఆ మొత్తాన్ని అద్దెలో కలిపి తీసుకుని, పన్ను మాత్రం మీరే కట్టి రసీదు దాచుకోండి.